నలభై ఒక్కసార్లు ఆలస్యం

పదకొండింటికల్లా జట్టు పెద్ద గిల్‌కి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి, అమోస్ బ్రూసార్డ్ పేరు జాబితాలో ఉంచమనో తుడిచెయ్యమనో. ఇప్పుడు పది దాటి రెండు నిమిషాలు. లైల్ హాకెట్ మైదానం పక్కనున్న ఇనప మెట్ల మీద మూడో వరుసలో కూర్చుని, స్టాప్‌వాచ్ తాడుని వేలి ఉంగరం నుంచి విడదీసుకుంటున్నాడు. పంతొమ్మిది రోజుల ఉంగరం. వేలికింకా అలవాటు కాలేదు, కారు స్టీరింగుకీ తలుపు గొళ్ళేనికీ కాఫీ కప్పుకీ టక్కుమని తగులుతూనే ఉంది, తగిలినప్పుడల్లా అతనికి నవ్వొస్తుంది, నవ్వొచ్చినప్పుడల్లా ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటాడు, ఎందుకంటే నవ్వు మొహంతో కూర్చుని ఆటగాళ్ళని బేరీజు వేసే స్కౌటుని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. మొన్న గిల్ అననే అన్నాడు, కొత్త పెళ్ళికొడుకులు వేసిన మార్కుల్లోంచి నేను సగం మార్కు కోసేస్తాను లైల్, మీకు లోకమంతా ముద్దొస్తుంది అని. నవ్వుతూనే అన్నాడు, కానీ గిల్ ఊరికే నవ్వడు. నిజమే మరి, ఈ ఉదయం లోకం ముద్దొస్తూనే ఉంది, రాత్రి కురిసిన వాన ఆవిరై పచ్చిక మీంచి లేస్తోంది, పెట్రోలు బంకులో కొన్న బూడాన్ సాసేజ్ ఇంకా వెచ్చగా కాగితంలో ఉంది, సంచీలో పెళ్ళాం కోరా పెట్టిన ఉడకబెట్టిన గుడ్డుంది, దాని మీద పెన్నుతో రెండు కళ్ళూ ఓ మీసమూ గీసింది, మీసం అచ్చం గిల్‌దే. గుడ్డుని చూసి మురిసిపోయే కంటితో మూడొందల పౌండ్ల కుర్రాణ్ణి ఎలా తూచగలడు మనిషి? ముందు తన కన్నునే అనుమానించాలి. పదిహేనేళ్ళు ఒంటరిగా మోటెల్ గదుల్లో పడుకున్నప్పుడు ఆ కన్ను మీద ఇంత అనుమానం రాలేదు.

అదుగో వాడు, వరుస చివర, భుజాల మీద తువ్వాలేసుకుని. అంత ఒళ్ళు పెట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి ఊగుతున్నాడు, పడవ తాడు విప్పకముందు ఊగినట్టు. ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో వాడి పని మాటల్లో చెప్పడం తేలిక, ఎదురుగా తనంత లావు మనుషులు గోడకట్టి వంగి ఉంటారు, వాడూ ఒక చెయ్యి నేలకానించి వాళ్ళ ఎదట వంగుతాడు, బంతి కదిలిన మరుక్షణం ఆ గోడ పగలగొట్టి వెనకున్న బంతివాణ్ణి నేలమీద పడెయ్యాలి. రెప్పపాటు ముందు కదిలితే తప్పు, రెప్పపాటు వెనక కదిలితే పని అయిపోయినట్టే. వచ్చే నెల జట్లన్నీ ఒకచోట చేరి కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి, ఎంపికైతే వీడు ఆటనే బతుకుగా చేసుకుంటాడు, కాకపోతే తండ్రి పడవ మీద రొయ్యల వలలు లాగుతాడు. వీడి బలం మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ నలభై ఒకటి మీద. మూడేళ్ళ ఆటల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసిన లైల్ పుస్తకంలో రాసుకున్నాడు, నలభై ఒక్కసార్లు వీడు అందరికంటే ఆలస్యంగా లేచాడు, కొన్నిసార్లు లేచి తప్పు సందులోకి వెళ్ళాడు. ఏ ఆట, ఎన్నో నిమిషం, వరుసలో ఏ వైపు నిలబడ్డాడు, అన్నీ గళ్ళు గీసి రాశాడు. ఈ వృత్తిలో ఆ ఆలస్యానికి ఒకటే పేరు, బద్ధకం. బద్ధకస్తుణ్ణి గిల్ ఉంచడు. మరి రెండేళ్ళ కిందట, నవ్వు మొహంతో ఎవరినైనా కట్టిపడేసే ఓ కుర్రాడు కట్టుకట్టిన మోకాలు దాచుకుని తన ముందే గంతులేస్తే, బంగారం బాస్ అని గిల్‌కి చెప్పింది ఎవరు? లైలే. ఆ కుర్రాడు ఆటలు మొదలైన మూడో వారంలో చంకకర్రల మీద నడిచాడు. అప్పట్నుంచి ఎవరైనా చక్కగా ఉన్నారంటే చాలు, ఏం దాస్తున్నారో అని లైల్‌కి ఒళ్ళంతా చెవులే.

వీడిలో చక్కగా ఉన్నది మరీ చక్కగా ఉంది, అదీ అనుమానమే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా బంతి కంటే ముందు కదిలి తప్పు మోయలేదు. ఒక్కసారి కూడా! ఎదుటి జట్టువాడు దొంగ కేకలేసి ఊరిస్తాడు, వినీ వినగానే ఎంతటివాడైనా ఏడాదికి మూడునాలుగు సార్లు తొందరపడి పల్టీకొడతాడు, అది మనిషి లక్షణం, వీడికా లక్షణం లేదేం? హెల్మెట్లూ బూట్లూ చూసే ముసలాయన్ని నిన్న అడిగితే, తలబిరుసు సార్, వెనకనుంచి నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, పెద్ద ఆటగాడైపోయాననుకుంటున్నాడు అన్నాడు. వంటశాలలో మిస్ యులాని అడిగితే, చేతిలో గరిటె పట్టుకుని, అంత మర్యాద తెలిసిన బిడ్డ ఈ కాలేజీలో లేడు, మనం మాట్లాడితే మొహమంతా మనవైపు తిప్పి వింటాడు, నువ్వు కూడా వాడికి ఎదురుగా నిలబడి మాట్లాడు నాయనా, వెనకనుంచి కూతలెయ్యకు అంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పాలి. వంటావిడలు లావు కుర్రాళ్ళని ఎప్పుడూ మెచ్చుకుంటారు, అడిగి మరీ పెట్టించుకుంటారు కాబట్టి. పోయిన నెల హోటల్ గదిలో ముగ్గురు కూర్చుని వీణ్ణి ప్రశ్నలడిగారు, వాడికి ఎదురుగా గిల్, వాడి ఎడమపక్క ఇంకొకాయన, కుడిపక్క లైల్. వాళ్ళిద్దరికీ జవాబులు చెప్పాడు, లైల్ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అతని వైపు ఓ నవ్వు విసిరి తలాడించి ఊరుకున్నాడు. లైల్ ఆ రాత్రి రాసుకున్నాడు, వెటకారపు నవ్వు, ఇష్టం లేని ప్రశ్నకు పలకడు. ఆ ప్రశ్న ఏమిటి? కష్టపడడమంటే నీకేమిటి అని. బద్ధకస్తుడికి అది ఇష్టం లేని ప్రశ్నే కదా.

"ఏం పెళ్ళికొడుకా, నిద్ర చాలినట్టు లేదే," అంటూ స్పైవీ వచ్చి పక్కన చేరగిలబడ్డాడు. ఇంకో జట్టు స్కౌటు, పదిహేనేళ్ళుగా ఇవే మెట్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటున్నారు, అది ఈ వృత్తిలో పలకరింపు. బ్రూసార్డ్ సంగతేంటన్నాడు స్పైవీ. లావు, అన్నాడు లైల్. నాకూ లావే అనిపించింది, అన్నాడు స్పైవీ. ఇద్దరూ కాసేపు లావు గురించే ఆలోచిస్తున్నట్టు కూర్చున్నారు. తర్వాత స్పైవీ సాసేజ్ వైపు చూస్తూ, మేం ఎప్పుడో తుడిచేశాం, వాడు ఆటలో కునుకు తీస్తాడు అన్నాడు. తుడిచేసినవాడు పది గంటల ఎండలో ఇక్కడెందుకున్నట్టు? లైల్ అడగలేదు, సాసేజ్ సగం విరిచి ఇచ్చాడు.

కింద ఈల మోగింది. కర్ర చివర కట్టిన బంతిని శిక్షకుడొకడు నేలమీద పట్టుకున్నాడు, అది కదిలితే వీళ్ళు లేవాలి. అమోస్ చెయ్యి నేలకానించాడు. బంతి కదిలింది, లేచాడు, లైల్ బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కేలోపు వాడు వరుసగా పడేసిన ఇసక సంచుల్లో మూడోది దాటిపోయాడు. మళ్ళీ. మళ్ళీ అంతే, అందరికంటే ముందు, కాస్త కూడా తేడా లేకుండా, పిల్లి దూకినట్టు. వీడా కునుకు తీసేవాడు? అప్పుడు సహాయ శిక్షకుడు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు, వాళ్ళు వంగిన తర్వాత ఎడమ అనో కుడి అనో ఆఖరి క్షణంలో కేకేస్తాడు, అటు మళ్ళాలి. కుడి భుజం వెనకనుంచి కేక, ఎడమ! అమోస్ కుడికి పోయాడు. మళ్ళీ కేక, ఈసారి నిలబడిపోయి పక్కవాణ్ణి చూసి కదిలాడు, రెప్పపాటు కాదు, రెండు రెప్పపాట్లు. నలభై రెండు, అనుకున్నాడు లైల్, అదుగో దొరికావు. తర్వాత పెద్ద శిక్షకుడు వచ్చి ఎడమపక్క నిలబడి తనే కేకలేస్తే కుర్రాడు ఒక్కటీ తప్పలేదు. ఆహా, పెద్దాయన చూస్తే ఒళ్ళు వంచుతాడు, చిన్నాయన చూస్తే వంచడు, రాసుకో లైల్, ఇంతకంటే తేటగా బద్ధకం కనబడదు. రాయబోతూ పెన్ను ఆపాడు. కింద సహాయ శిక్షకుడు కుడివైపు నుంచి వస్తూ ఏదో అన్నాడు, అమోస్ అతనికేసి తిరిగి నవ్వి తలాడించాడు. ఆ నవ్వే. హోటల్ గదిలో నవ్వే. కానీ వెటకారం కాదది, ఈ నవ్వు లైల్ ఇంకెక్కడో చూశాడు, ఇటీవలే చూశాడు, మెత్తగా, తలుపు దగ్గరికి వేసినట్టుండే నవ్వు.

వంటింట్లో. ఆదివారం పొద్దున. కోరా చేతులు పిండిలో ఉన్నాయి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అక్కతో మాట్లాడుతోంది, కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె మోచేతి పిండి మీద పడి మెరుస్తోంది, లైల్‌కి ఎందుకో పట్టరాని సంతోషం వచ్చి ఆమె రెండో చెవి దగ్గరికెళ్ళి, స్నానాల తొట్టిలో మొసలిపిల్లని పెట్టాను, పేరు నువ్వే పెట్టాలి అన్నాడు. ఆమె అతనివైపు తిరిగి నవ్వి, తలాడించి, సరే మంచిది అంది. సరే మంచిది! అతను గోడకానుకుని నవ్వలేక చచ్చాడు, ఫోను పెట్టేశాక చెప్తే పిండి చేత్తో వీపు మీద ఒక్కటిచ్చింది. అదీ ఆ నవ్వు. వినబడని మనిషి నవ్వు. ఎదుటివాడు ఏదో అన్నాడు, ఏమన్నాడో తెలియదు, అడగడం మొహమాటం, నవ్వితే సరిపోతుంది. లైల్ పుస్తకం తెరిచాడు, వేళ్ళు కాగితాలకు అంటుకుంటున్నాయి. ఏ వైపు అన్న గడి. ఎడమ. ఎడమ. ఎడమ. ఎడమ. కుడి. ఎడమ. వేలు పెట్టి లెక్కపెట్టాడు, నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది ఎడమ. వరుసలో ఎడమ చివర నిలబడితే తనవాళ్ళంతా కుడిపక్కన ఉంటారు, వెనకనుంచి ఆఖరి క్షణంలో ఎత్తుగడ మార్చమని అరిచేవాడి గొంతు కుడివైపు నుంచే రావాలి. కుడి చివర నిలబడితే అంతా ఎడమనుంచి వస్తుంది. మర్యాదగా మొహం తిప్పేది అందుకు. వెనకనుంచి పిలిస్తే పలకనిది అందుకు. దొంగ కేకలకు మోసపోనిది అందుకే, శబ్దాన్ని నమ్మడం వీడు ఎప్పుడో మానేసి ఉంటాడు, బంతిని తప్ప దేన్నీ నమ్మడు.

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదు? లైల్‌కి నవ్వొచ్చింది, ఈసారి సంతోషపు నవ్వు కాదు. స్కౌట్లు చూసే వీడియోలకు శబ్దం ఉండదు. కప్పు మీద పెట్టిన కెమెరా తీసిన మూగ బొమ్మలవి, జనం హోరు లేదు, కేక లేదు, ఈల లేదు. ఇరవైమంది స్కౌట్లు ఇరవై ఊళ్ళ మోటెల్ గదుల్లో నిశ్శబ్దంలో కూర్చుని, ఒక చెవి వినబడనివాణ్ణి చూసి కునుకు తీస్తున్నాడని రాశారు. వెంటనే ఇంకో అనుమానం తోకలా వెంటపడింది, ఇది నిజంగా కనబడిందా, లేక కొత్త పెళ్ళికొడుకు కన్ను ఆ కుర్రాణ్ణి కాపాడాలని అల్లుకున్న కథా? పెళ్ళాం నవ్వు చూసి ఆటగాడికి మార్కులేశానంటే గిల్ ఏమంటాడు? అంకెలు అబద్ధం చెప్పవు, కానీ అంకెల్ని ఏరుకునేది మనిషే. పది నలభై. కింద మంచినీళ్ళ విరామం. ఎటు, అన్నాడు స్పైవీ. ఒంటేలుకి, అన్నాడు లైల్.

అమోస్ బల్ల మీద కూర్చుని వంగి ఒక బూటు లేసు కట్టుకుంటున్నాడు, రెండోది విప్పి పక్కన పెట్టుంది. లైల్ వాడి కుడి భుజం వెనక మూడడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, "అమోస్, నీ రెండో బూట్లో తేలుంది," అన్నాడు. లేసు ముడి పడింది. అమోస్ ఆ రెండో బూటే తీసుకుని, లోపలికి చూడకుండా కాలు దోపాడు. అప్పుడు నేలమీద లైల్ నీడ చూసి చప్పున లేచాడు, లేస్తూ లేస్తూనే ఒక్క అడుగు పక్కకేసి, నాట్యంలోలా తిరిగి, లైల్‌ని తన ఎడమపక్కకు తెచ్చుకున్నాడు. ఎంత అలవాటైన అడుగది!

"సార్, పిలిచారా?"

"పిలిచాను. అటుపక్క నుంచి."

నవ్వు కాసేపు మొహం మీదే ఉండి, దిక్కు తోచక, వెళ్ళిపోయింది. ఎప్పట్నుంచి అని లైల్ అడిగాడు. దేని గురించి సార్ అన్నాడు వాడు. లైల్ పుస్తకం తెరిచి ఆ గడి మీద వేలు పెట్టి చూపించాడు, నలభై ఒకటి, ముప్పై ఎనిమిది ఎడమ. కుర్రాడు చాలాసేపు ఆ కాగితం చూశాడు, తన ఎక్స్‌రే చూస్తున్నట్టు. ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలొచ్చి కుడిచెవి పూర్తిగా పోయిందని చెప్పాడు. ఇక్కడ శిక్షకులెవరికీ తెలీదు, అమ్మకు తెలుసు, మిస్ యులాకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది, ఆవిడ మొదటి వారం నుంచే గరిటె తీసుకుని ఎడమపక్కకు వచ్చి వడ్డిస్తుంది.

"నేను అబద్ధం చెప్పలేదు సార్. మీరంతా నా మోకాళ్ళు వంచి చూశారు, భుజాలు తిప్పి చూశారు, అరచెయ్యి కొలిచారు, కుక్కలిష్టమా పిల్లులిష్టమా అని కూడా అడిగారు. చెవి సంగతి ఒక్కరూ అడగలేదు."

"నిజమూ చెప్పలేదు కదా."

"చెప్తే ఏమవుద్దో మీకు తెలీదా?" మెట్ల మీద వరుసగా కూర్చున్న స్కౌట్ల వైపు తడి కళ్ళతో చూశాడు వాడు. "బద్ధకస్తుడంటే తిట్టి బాగుచెయ్యొచ్చనుకుంటారు. ఎవరో ఒకళ్ళు తీసుకుంటారు. చెవిటోడంటే ఎవరూ తీసుకోరు. మీకు దణ్ణం పెడతాను, బద్ధకమనే రాసెయ్యండి సార్."

లైల్‌కి జాలేసింది, వెంటనే దాన్నీ అనుమానించాడు. జాలి వేరు, మార్కు వేరు. మోకాలు దాచుకున్న కుర్రాడి కళ్ళలో కూడా ఇలాగే నీళ్ళు తిరిగాయి. ఏడ్చినవాణ్ణల్లా ఉంచుతూ పోతే ఈ పనికి స్కౌటెందుకు, పాస్టరు చాలు. పుస్తకంలోకి చూశాడు.

"మిగతా మూడు?"

"ఏ మూడు సార్?"

"మూడుసార్లు కుడి చివర్నే ఉన్నావు. అక్కడ నీకన్నీ వినబడతాయి. అప్పుడెందుకు లేవలేదు?"

కుర్రాడు ఆలోచించాడు. వీడిప్పుడేం చెప్తాడో లైల్‌కి తెలుసు, జనం హోరు అంటాడు, వర్షం అంటాడు, చెవి అనే సాకు చేతికి దొరికాక దేన్నైనా అందులో వేసెయ్యొచ్చు. వాడు మెడ గోక్కున్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, కింద పచ్చికను చూస్తూ అన్నాడు, "ఆ మూడూ... ఒళ్ళు బరువెక్కింది సార్. వినబడింది. లేవబుద్ధి కాలేదు."

ఈ రెండేళ్ళలో ఒక ఆటగాడి నోటినుంచి వచ్చిన మాటని లైల్ వెంటనే, వెనక్కి తిప్పి చూసుకోకుండా నమ్మడం ఇదే మొదటిసారి. నిజం రాస్తానని చెప్పాడు. వాడు తలూపాడు, నవ్వకుండా. ఈసారి వినబడింది.

పది యాభై రెండు. లైల్ కంచె దాకా నడిచి ఫోన్ చేశాడు. గిల్ ఏవో గింజలు నములుతూ, ఉంచాలా తుడవాలా అన్నాడు. లైల్ మొత్తం చెప్పాడు, చెవి, ముప్పై ఎనిమిది, బూట్లో తేలు. గింజల చప్పుడు ఆగిపోయింది.

"రెండేళ్ళ కింద కళ్ళెదుట ఉన్న మోకాలు నీకు కనబడలేదు," అన్నాడు గిల్. "ఇవాళ ఎవరికీ కనబడని చెవి కనబడిందంటున్నావు. నమ్మమంటావా?"

"నమ్మొద్దు. ఎడమవైపు ఆడినవి మీరే తిప్పి చూడండి. వాణ్ణి కాదు, వెనక నిలబడి ఎత్తుగడ మార్చేవాడి నోరు చూడండి. నోరు తెరుచుకున్న ప్రతిసారీ వీడు ఆలస్యం. నోరు తెరవనప్పుడు వీడే అందరికంటే ముందు."

"కుడివైపే ఆడిస్తే ఎన్ని మిగులుతాయి?"

"మూడు."

"అవేంటి?"

"బద్ధకం. వాడే చెప్పాడు."

"వాడే చెప్పాడా?" అన్నాడు గిల్. అటు గదిలో కుర్చీ కిర్రుమంది, ఎవరో తలుపు తీసి వేశారు, లైల్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "చెవి సంగతి కాగితం మీద అన్నిటికంటే పైన రాయి," అన్నాడు గిల్ చివరికి. "కుడి చివరకే, ఇంకెక్కడికీ కాదు అని రాయి. కింద నీ సంతకం పెట్టు, నాది కాదు. పేరు ఉంచుతున్నాను."

లైల్ ఫోను జేబులో వేసుకుని వెనక్కి తిరిగాడు. విరామం అయిపోయి మిగతావాళ్ళు వరుసలోకి వెళ్ళిపోతున్నారు. అమోస్ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, అవతలి గట్టు మీద చెట్లని చూస్తూ. పదిహేనేళ్ళుగా లోకంలో ప్రతి మనిషినీ ఎడమపక్కకు తెచ్చుకున్న కుర్రాడు, ఇప్పుడు కావాలని, తన కుడివైపుని లైల్‌కి తిప్పి నిలబడ్డాడు, ఇటునుంచి వచ్చే మాట ఏదైనా తనను చేరకుండా.

లైల్ పిలవలేదు. పచ్చిక మీదుగా నడిచి, వాడి వెనకనుంచి చుట్టూ తిరిగి, ఎడమపక్కకు వెళ్ళాడు.